కార్డు వెనుకనున్న మూడంకెలు

నేడు మన గ్రామములలో బ్యాంకు కార్డు లేని కుటుంబములు తక్కువ. ఎ.టి.ఎం. వద్దను, ఎరువుల కొట్టునందును దానిని వాడుట రైతులకు అలవాటైనది. పిల్లల పరీక్ష రుసుము, విద్యుత్తు బిల్లు, బస్సు టిక్కెట్టు సైతము ఇప్పుడు ఆన్‌లైనులో చెల్లింపబడుచున్నవి. అట్లు చెల్లించునపుడు తెరపై సి.వి.వి. అను గడి యొకటి కనిపించును. దానిని నింపువారిలో పెక్కుమందికి ఆ అంకెల పని యేమో తెలియదు. ఊరివారు సలహా అడుగునది పంచాయతీ సభ్యులనే గావున, ఈ విషయమును మీరు కొంత వివరముగా తెలిసికొనుట అవసరము.

కార్డుపై సాధారణముగా 16 అంకెల సంఖ్య యుండును. అందు మొదటి అంకెలు అది ఏ సంస్థ కార్డో, ఏ బ్యాంకు జారీ చేసినదో తెలుపును. చివరిది తనిఖీ అంకె. తక్కిన అంకెలపై ఒక లెక్క కట్టి దానిని రాబట్టుదురు. సంఖ్య వ్రాయుటలో ఒక అంకె తప్పినచో లెక్క సరిపోక యంత్రము వెంటనే పట్టుకొనును. ఈ లెక్క రహస్యము కాదు. హైస్కూలు విద్యార్థి కూడ చేయగలడు. భద్రతా సంకేతము అట్టిది కాదు. కార్డు సంఖ్య, గడువు తేది మొదలగు వానిని బ్యాంకు తన యొద్దనున్న రహస్యపు తాళముతో గణించి ఆ అంకెలను పుట్టించును. తాళము లేనివాడు కార్డు సంఖ్యను ఎంతసేపు చూచినను వాటిని కనుగొనలేడు. రూపే, వీసా, మాస్టర్ కార్డులకు ఇవి మూడు, వెనుకవైపున నుండును. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డుకు మాత్రము నాలుగు, ముందువైపున. డెబిట్ కార్డుకైనను, క్రెడిట్ కార్డుకైనను పద్ధతి యొక్కటే.

దుకాణములో కార్డును యంత్రమునకు చూపుదుము. ఆన్‌లైనులో చూపుటకు వీలులేదు. చెల్లించువాని చేతిలో కార్డు నిజముగా నున్నదా అను ప్రశ్నకు ఈ మూడంకెలే జవాబు. అందువలననే ఇవి కార్డు నల్లని పట్టీలో నమోదుకావు, రసీదుపై అచ్చుపడవు. చెల్లింపు ముగిసిన పిదప అమ్మకందారు వీటిని దాచుకొనరాదని కార్డు సంస్థల నియమము. 2022 అక్టోబరు 1 నుండి కార్డు సంఖ్యను కూడ అమ్మకందారులు దాచుకొనకుండ రిజర్వు బ్యాంకు నిషేధించినది.

మన దేశమున ఈ ఒక్క సంకేతముతో సరిపెట్టలేదు. కార్డుపై ముద్రింపబడని మరియొక రహస్యమును కూడ అడుగవలెనని 2009 ఆగస్టు నుండి నిబంధన వచ్చినది. సెల్ ఫోనుకు వచ్చు ఓ.టి.పి. అట్టిదే. కాని విదేశీ సంస్థలు కొన్ని ఓ.టి.పి. అడుగకయే సొమ్ము వసూలు చేయుచున్నవి. అచ్చట మూడంకెలే కావలి. కనుక విదేశములతో పనిలేనివారు ఆ సదుపాయమును మూసియుంచుట మేలు. తెరచుట, మూయుట ఖాతాదారుని చేతిలోనే యుండవలెనని రిజర్వు బ్యాంకు 2020లో ఆదేశించినది.

తాళమును ఛేదింపలేని మోసగాడు తాళపుచెవిని మననే అడుగును. "మీ కార్డు నేటితో ఆగిపోవును, వెనుకనున్న అంకెలు చెప్పుడు" అనును. లేదా పి.ఎం. కిసాన్ వాయిదా నిలిచినది, అంకెలు చెప్పిన జమచేయుదుననును. సొమ్ము పుచ్చుకొనుటకు ఏ సంకేతమును అక్కరలేదు, ఇచ్చుటకే కావలయును. ఈ ఒక్క భేదమును గ్రామసభలో రెండు నిమిషములు చెప్పినను ఎన్నో ఇండ్ల సొమ్ము నిలుచును. ఓ.టి.పి. సందేశములో ఎంత మొత్తము, ఎవరికి పోవుచున్నదో సాధారణముగా వ్రాసియే యుండును. అది ఆంగ్లములో నుండుటచే చాలమంది అంకెలు మాత్రమే చూచి చెప్పివేయుచున్నారు. చదువ వచ్చినవారిచే ముందుగా చదివించుకొనవలెను.

ఇంకొక మాట చెప్పక తప్పదు. ఇంటర్నెట్ కేంద్రములో కార్డును కుర్రవాని చేతికిచ్చి బయట బల్లపై కూర్చుండుట చూచుచున్నాము. ఆ కుర్రవాడు మంచివాడే కావచ్చును. అయినను కార్డు రెండు వైపులు ఫోటో తీయుటకు క్షణము చాలును. అంకెలను స్వయముగా నొక్కుట నేర్చుకొనవలెను. కొందరు అంకెలపై కాగితము అంటించుచున్నారు, అది ఎ.టి.ఎం. యంత్రములో చిక్కుకొనవచ్చును.

ఒకవేళ సొమ్ము పోయినచో కాలమే ముఖ్యము. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వులో, తప్పు బ్యాంకుదిగాని ఖాతాదారునిదిగాని కానిచో, బ్యాంకు కబురు అందిన 3 పనిదినములలో ఫిర్యాదు చేసినవానికి నష్టము లేదని నిర్ణయించినది. తానే సంకేతమును చెప్పియుండినచో, ఫిర్యాదు చేయువరకు కలిగిన నష్టము ఖాతాదారునిదే. ఆ తరువాతిది బ్యాంకుది. కనుక సిగ్గుపడి రెండు రోజులు దాచినవాడు ఆ రెండు రోజుల నష్టమును తానే కోరి తెచ్చుకొన్నట్లు. బాధితుడు మీ గుమ్మమునకు వచ్చినపుడు మందలింపు తరువాత చూచుకొనవచ్చును. ముందు బ్యాంకునకు ఫోనుచేయించి కార్డును ఆపించుడు. వెంటనే 1930 సంఖ్యకు ఫోనుచేయించుడు. సొమ్ము పోయిన గంట, మొత్తము, సందేశములోని లావాదేవీ సంఖ్య దగ్గర నుంచుకొని మాటలాడవలెను. వారిచ్చు ఫిర్యాదు సంఖ్యను కాగితముపై వ్రాయించి అతని చేతికిండు.