చీకటిలో గురి

పాఠ్యభాగ నేపథ్యం

విమాన యుద్ధాన్ని కంప్యూటరు తెరపై అనుకరించే క్రీడలు యువతను విశేషంగా ఆకర్షిస్తున్నాయి. మైక్రోసాఫ్ట్ సంస్థ 1998లో విడుదల చేసిన కంబాట్ ఫ్లైట్ సిమ్యులేటర్, రష్యాకు చెందిన మడాక్స్ గేమ్స్ 2001లో రూపొందించిన ఇల్-2 స్టర్మోవిక్ ఈ కోవకు చెందినవి. ఇట్టి క్రీడలో రాత్రి బాంబు దాడులను, వాటిని ఎదుర్కొనే రాత్రి పోరాట విమానాలను ప్రవేశపెట్టాలంటే ఏయే అంశాలు అవసరమో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

సూర్యాస్తమయంతో ఆయుధాలు దించాలన్నది ప్రాచీన యుద్ధనీతి. కురుక్షేత్ర సంగ్రామంలో పదునాలుగవ నాటి రాత్రి ఆ నీతి సడలింది. కాగడాల వెలుగులో సేనలు తలపడ్డాయి. ఘటోత్కచుడు ఆ రాత్రే నేలకూలాడు. తిక్కన తెనిగించిన ద్రోణ, సౌప్తిక పర్వాలు చదివినవారికి రాత్రియుద్ధం పగటి యుద్ధానికి కొనసాగింపు కాదని, దాని స్వభావమే వేరని బోధపడుతుంది. పగలు వీరుడు శత్రువుతో పోరాడతాడు. రాత్రి మొదట చీకటితో పోరాడాలి, ఆ తరువాతనే శత్రువుతో.

నిజామాబాదు, బోధన్ ప్రాంతాల విద్యార్థికి ఆంగ్లదేశపు ఆకాశంలో జరిగిన రాత్రిపోరు దూరపు ముచ్చటగా తోచవచ్చు. కాని ఆ చరిత్రకు ఈ నేలతో సంబంధం ఉంది. మంజీరా జలాలను నిజాంసాగర్ పొలాలకు మళ్లించిన కాలంలో, 1937లో బోధన్ వద్ద నిజాం చక్కెర కర్మాగారం స్థాపితమైన కాలంలో, ఈ ప్రాంతం హైదరాబాదు సంస్థానంలో భాగం. ఆ సంస్థానం ఇచ్చిన ఆర్థిక సహాయానికి గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళంలోని 110, 152, 253 సంఖ్యల స్క్వాడ్రన్లు హైదరాబాదు పేరును ధరించాయి. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా కనిపిస్తుంది. సంస్థానపు ఖజానా నిండింది ప్రజలు చెల్లించిన పన్నులతోనే గదా!

వీటిలో 253వ స్క్వాడ్రన్ చరిత్ర ఈ పాఠానికి మిక్కిలి సన్నిహితం. 1940లో అది హరికేన్ విమానాలతో పగటిపూట పోరాడింది. 1941 నుండి దానికి రాత్రి రక్షణ బాధ్యత అప్పగించారు. ఒకే వ్యక్తి నడిపే హరికేన్‌లో నాడు రాడార్ లేదు. పైలట్ తన కన్నులనే నమ్ముకోవాలి. ఈ లోపాన్ని తీర్చడానికి ఒక ఉపాయం పన్నారు. హావొక్ అనే పెద్ద విమానం ముక్కులో అత్యంత ప్రకాశవంతమైన దీపాన్ని, బాంబులు ఉంచే అరలో బ్యాటరీలను అమర్చారు. దానికి టర్బిన్‌లైట్ అని పేరు. హావొక్ తన రాడార్‌తో శత్రువును వెదికి దీపం వెలిగించాలి. పక్కనే ఎగిరే హరికేన్ ఆ వెలుగులో ముందుకు దూకి కాల్చాలి.

చెరకు తోటకు కావలి కాసే రైతును తలచుకుంటే ఈ పద్ధతిలోని ఇబ్బంది సులభంగా అర్థమవుతుంది. మంచెపై ఉన్న రైతు చెరకు ఆకుల అలికిడి వింటాడు. అడవిపంది వచ్చిందని ఊహిస్తాడు. లైటు వేయగానే పంది తోటలోకి దూరి మాయమవుతుంది. రైతు ఎక్కడ ఉన్నదీ మాత్రం దానికి తెలిసిపోతుంది. టర్బిన్‌లైట్ విషయంలోనూ ఇదే జరిగింది. వెలుగు పడిన మరుక్షణం శత్రువు పక్కకు ఒరిగి తప్పించుకునేవాడు. ఫలితం అత్యల్పం కావడంతో 1943 జనవరిలో ఆ దళాలను రద్దుచేశారు.

అప్పటికే రాడార్, ఫిరంగులు రెండింటినీ తానే మోసే బ్యూఫైటర్ విమానం రంగప్రవేశం చేసింది. అందులో ముందు పైలట్, వెనుక రాడార్ తెరను చూసే సహచరుడు ఉంటారు. ఒకరి చేతిలో విమానం, మరొకరి ఎదుట సమాచారం. వారిని కలిపేది మాట మాత్రమే. మనదేశంలోనూ దీని ప్రభావం కనిపించింది. 1942 డిసెంబరులో జపాన్ విమానాలు కలకత్తాపై రాత్రి దాడులు ప్రారంభించగా, 1943 జనవరి 15 రాత్రి ప్రింగ్ అనే పైలట్ బ్యూఫైటర్‌తో కొద్ది నిమిషాల వ్యవధిలో మూడు బాంబర్లను కూల్చాడు.

ఇక అనుకరణ క్రీడ సంగతి. తెరను నల్లగా చేసినంత మాత్రాన రాత్రి కాదు. ఆటగాడు తెర వెలుగును పెంచుకుంటే ఆ చీకటి కాస్తా పలుచబడుతుంది. కాబట్టి చీకటిని రంగుగా గాక, తెలియనితనంగా నిర్మించాలి. చంద్రకళలను బట్టి, మబ్బులను బట్టి శత్రువు కనిపించే దూరం మారాలి. మనిషి కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి సుమారు 30 నిమిషాలు పడుతుంది. ఒక్క సెర్చ్‌లైట్ కాంతి సోకితే ఆ శ్రమ వృథా అవుతుంది. అటుపై కొంతసేపు ఆటగాడికి కూడా ఏమీ కనబడకూడదు. నాటి తొలి రాడార్ విమానం ఎంత ఎత్తులో ఎగురుతుందో సుమారు అంత దూరం వరకే చూడగలిగేది. ఆపైన భూమి నుండి వచ్చే ప్రతిధ్వనులు తెరను కప్పివేసేవి. మరీ సమీపించాక అది పనిచేయదు. ఆఖరి నిర్ణయం కన్నుదే. ఈ పరిమితులన్నీ ఆటలో ఉండాలి.

అన్నింటికంటే కఠినమైన పని మరొకటి ఉంది. కంప్యూటరు నడిపే ప్రతిపక్షానికి ప్రతి విమానం స్థానమూ అంకెల రూపంలో ముందే తెలుసు. దానికి చీకటి లేదు. తనకు తెలిసినదానిని తెలియనట్లుగా ప్రవర్తించడం దానికి నేర్పాలి. సాధారణంగా యంత్రానికి జ్ఞానం నేర్పుతారు. ఇక్కడ అజ్ఞానం నేర్పవలసి రావడం విశేషం.

బాంబర్ నడిపేవారికీ ఇదే న్యాయం. 1941 ఆగస్టులో బ్రిటన్‌లో వెలువడిన బట్ నివేదిక, లక్ష్యంపై దాడి చేశామని చెప్పిన సిబ్బందిలో సుమారు మూడింట ఒక వంతు మాత్రమే ఆ లక్ష్యానికి 8 కిలోమీటర్ల లోపు చేరారని తేల్చింది. మిగిలిన బాంబులు పొలాలపైనో, పల్లెలపైనో పడ్డాయన్నమాట. గాలి విమానాన్ని పక్కకు నెట్టాలి, ఆటగాడు దారి తప్పాలి, తప్పిన సంగతి అతనికి వెంటనే తెలియకూడదు. అప్పుడే అనుకరణం సత్యానికి చేరువవుతుంది.

ఈ సత్యంలో కిందివారికీ చోటుండాలి. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ దాడిలో కోవెంట్రీ నగరంలో 500 మందికి పైగా మరణించారు. 1943 జూలైలో బ్రిటిష్, అమెరికన్ దాడులకు హాంబర్గ్ నగరంలో 30,000 మందికి పైగా బలి అయ్యారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాన్ విమానాలు పట్టపగలే బాంబులు వేశాయి. ఆ భయంతో విశాఖ జనం ఊరు విడిచి వెళ్లారు. తెరపై మెరిసి ఆరిపోయే నిప్పురవ్వలో ఇవేవీ కనిపించవు.

దశరథుడు శబ్దభేది విద్యలో ఆరితేరినవాడు. చీకటిలో నీటి చప్పుడు విని, ఏనుగు అనుకొని బాణం వేశాడు. గురి తప్పలేదు. కాని ఆ బాణం తల్లిదండ్రుల కోసం కుండలో నీరు ముంచుతున్న బాలుని గుండెల్లో నాటుకుంది. రాడార్ ఆధునిక శబ్దభేది. అది దూరం చెబుతుంది, దిశ చెబుతుంది, ఎదుట ఉన్నది ఎవరో చెప్పదు. రాత్రిపోరును అనుకరించే క్రీడలో కాల్చే ముందు ఆటగాడి వేలు ఒక్క క్షణం సందేహించాలి. ఆ సందేహం కలిగించలేని ఆటలో చీకటి ఉంటుందే గాని రాత్రి ఉండదు.

శబ్దార్థాలు

మంచె = పంటను కాపలా కాయడానికి కట్టిన ఎత్తైన పందిరి
అలికిడి = సన్నని చప్పుడు
శబ్దభేది = శబ్దాన్ని బట్టి గురిచూసి కొట్టే విద్య
వృథా = వ్యర్థం
మిక్కిలి = ఎక్కువగా

ప్రశ్నలు

అ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. రాత్రియుద్ధాన్ని అనుకరించే క్రీడలో ఉండవలసిన అంశాలను వివరించండి.
2. దశరథుని కథకూ రాడార్‌కూ గల పోలికను, ఆ పోలిక వెల్లడించే సత్యాన్ని చర్చించండి.

ఆ) సందర్భాన్ని వివరించండి
1. ఇక్కడ అజ్ఞానం నేర్పవలసి రావడం విశేషం.
2. గురి తప్పలేదు.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. టర్బిన్‌లైట్ దళాలను ఎప్పుడు రద్దుచేశారు?
2. బట్ నివేదిక ఏ సంవత్సరంలో వెలువడింది?
3. హైదరాబాదు పేరు ధరించిన మూడు స్క్వాడ్రన్లు ఏవి?