సంకెళ్లకు సిగ్గుపడనివాడు
పాఠము: 2 తిమోతి 1:15–18

పౌలు చెరలోనుండగా తనవారనుకొన్నవారే తొలగిపోయిరి. ఒనేసిఫోరు మాత్రము రోమాకు వచ్చి, జాడ తీసి అతనిని చేరుకొనెను. 1813లో ఎలిజబెత్ ఫ్రై అను విశ్వాసురాలు లండనులోని న్యూగేటు చెరసాలకు, అచ్చటి తల్లుల పసిబిడ్డలకై బట్టలు తీసికొనిపోయెను.

మనమో, కుమారుడు జైలుకు పోయిన యింటి గడప తొక్కము. జామీను నిలుచువారు లేక బీదవాడు విచారణ ముగియకయే లోపల మిగిలిపోవును. మనలను ఆపునది దూరము కాదు, సిగ్గు. నేరమును సమర్థింపము; మనిషిని విడువము.

ఈ నెల ప్రతి సంఘము ఒక ఖైదీకి ఉత్తరము వ్రాయుదము, ములాఖతుకు పోవుదము, అతని పిల్లలకు బియ్యము చేర్చుదము.

ప్రభువా, మా సిగ్గును తీసివేయుము. ఆమేన్.