కేస్ షీట్లు చదివిన విలేకరి

ఉపకార వేతనానికి వచ్చే పిల్లలను ఏమవుతారని అడిగితే డాక్టరు అంటారు, లేదా ఇంజనీరు అంటారు. వైద్య విషయాలు రాసే విలేకరి అవుతామన్నవారు మాకు ఇంతవరకు తగల్లేదు. ఆ వృత్తి ఎలాంటిదో తెలియడానికి బ్రిటన్‌కు చెందిన బ్రయాన్ డీర్ పనిని పాఠంగా తీసుకుంటున్నాము.

డీర్ డాక్టరు కారు. వార్విక్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివారు. 1986లోనే సండే టైమ్స్‌లో, గర్భనిరోధక మాత్రలపై ఒక శాస్త్రవేత్త సృష్టించిన దొంగ పరిశోధనలను బయటపెట్టారు. అయితే లోకానికి ఆయన తెలిసింది టీకా వ్యవహారంతోనే.

1998 ఫిబ్రవరిలో లాన్సెట్ వైద్య పత్రికలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం వ్యాసం ఒకటి వచ్చింది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చన్న అనుమానం అందులో ఉంది. పరిశీలించింది 12 మంది పిల్లలను మాత్రమే! అయినా తల్లిదండ్రులు బెదిరిపోయారు. ఇంగ్లండ్‌లో టీకా వేయించుకునేవారు దాదాపు 92 శాతం నుంచి 2003-04 నాటికి 80 శాతానికి పడిపోయారు.

డీర్ వేసుకున్నది చిన్న ప్రశ్న. ఆ పిల్లలు ఎవరు, ఆసుపత్రికి ఎలా వచ్చారు? వెతకగా, టీకా కంపెనీలపై దావాకు సిద్ధమవుతున్న న్యాయవాది ద్వారా వేక్‌ఫీల్డ్‌కు డబ్బు అందిందని తేలింది. ఆ మాట వ్యాసంలో లేదు. 2004 ఫిబ్రవరిలో ఈ వార్త వెలువడింది. మరుసటి నెలలోనే 13 మంది రచయితల్లో 10 మంది ఆ నిర్ధారణను వెనక్కి తీసుకున్నారు. వేక్‌ఫీల్డ్ పరువునష్టం దావా వేసి, 2007లో తానే వదులుకున్నారు. డీర్ అంతటితో ఆగలేదు. పిల్లల వైద్య రికార్డులను వ్యాసంలోని వివరాలతో ఒక్కొక్కటిగా పోల్చారు. పూర్తిగా సరిపోయిన కేసు ఒక్కటీ లేదు. కొందరిలో లక్షణాలు టీకాకు ముందే మొదలయ్యాయి. 2010లో లాన్సెట్ వ్యాసాన్ని రద్దు చేసింది. అదే ఏడాది వేక్‌ఫీల్డ్ పేరును వైద్యుల రిజిస్టరు నుంచి కొట్టివేశారు.

అంటే 12 ఏళ్లు పట్టింది. ఈలోగా టీకా తప్పిన పిల్లలు పెద్దవారయ్యారు. 2012-13లో వేల్స్‌లోని స్వాన్సీ ప్రాంతంలో తట్టు సోకి, 1,200కు పైగా కేసులు నమోదయ్యాయి.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. 2017లో మన బడుల్లో తట్టు-రుబెల్లా టీకా వేసినప్పుడు, వాట్సాప్ వదంతులు చూసి పిల్లలను ఆ రోజు బడికి పంపని ఇళ్లు మాకు తెలుసు. వారికి నచ్చజెప్పడానికి తెలుగులో, ఉర్దూలో చేతికివ్వదగ్గ ఒక్క మంచి వ్యాసం కోసం మేము వెతుక్కోవలసి వచ్చింది. సైన్సు డిగ్రీ చదివి, చక్కగా రాయగలిగి, జర్నలిజం కోర్సు చేస్తామనే విద్యార్థి ఎవరైనా వస్తే, వచ్చే ఏటి దరఖాస్తుల్లో ఆ కాగితాన్ని పక్కన పెట్టవద్దని దాతలను కోరుతున్నాము.