శనివారం రాత్రి 108 ఆట: కలిసి లెక్కపెట్టడం గురించి

 

జపమాల మీద పెట్టిన వీడియో కింద చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "చివర్లో ఏదో 108 ఆట అన్నారు కదా, అదేంటి? మేమూ మా ఫ్రెండ్స్ గ్రూపులో ఆడుకోవచ్చా?" అని. నిరభ్యంతరంగా ఆడుకోవచ్చు. వీడియోలో ఆ ఆట గురించి రెండు ముక్కల్లో చెప్పి వదిలేశాను. అందులో నేను చేసిన తప్పు ఒకటుంది, కెమెరా ముందు చెప్పడానికి సిగ్గేసింది. ఇక్కడ మొత్తం రాస్తున్నాను.

ముందు ఆట చెప్తాను. శనివారం రాత్రి తొమ్మిదికి మా వాట్సాప్ గ్రూపులో ఒకరు "1 రామ" అని పెడతారు. తర్వాత ఇంకెవరో "2 రామ". అలా 108 వరకు వెళ్లాలి. ఎవరి తర్వాత ఎవరనేది ముందుగా అనుకోం. ఒకే మనిషి వరసగా రెండు పెట్టకూడదు. ఇద్దరు ఒకేసారి ఒకే అంకె పెట్టేస్తే ఆట పోయినట్టే, మళ్లీ 1 నుంచి. మధ్యలో మాటల్లేవు, ఎమోజీలు అసలే లేవు. అంతే.

వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంది కదా? మొదటి శనివారం మేం 9 దాటలేదు.

అసలు ఈ ఆట దాకా ఎలా వచ్చామంటే, అంతకుముందు గ్రూపులో కోటి నామ జపం మొదలుపెట్టాం. కోటి అంటే ఎంతో ఒకసారి లెక్క చూడండి. మాలలో 108 పూసలున్నా లెక్కలో 100 మాత్రమే వేసుకోవడం పెద్దవాళ్ల అలవాటు. మిగతా 8 పొరపాట్లకీ, మనసు ఎక్కడికో పోయిన క్షణాలకీ వదిలేస్తారు. ఆ లెక్కన కోటికి లక్ష మాలలు. రోజుకి ఒక్క మాల చేసే మనిషికి 273 ఏళ్లు దాటుతుంది. అదే 40 మంది రోజుకి పదేసి మాలలు చేస్తే 250 రోజుల్లో అయిపోతుంది. అందుకే కోటి అనేసరికి పదిమంది కలుస్తారు. రామకోటి పుస్తకాలు మన ఇళ్లలో చూసే ఉంటారు, గళ్లు గళ్లుగా ఉంటాయి, గడికో "శ్రీరామ". ఒక్కరే కూర్చుని ఏళ్ల తరబడి రాసినవాళ్లున్నారు. మనకి అంత ఓపిక లేదు కాబట్టి గ్రూపు పెట్టుకున్నాం.

రాత్రికల్లా ఎవరు ఎన్ని మాలలు చేశారో షీటులో రాసేవాళ్లం. ఆ షీటుని ఎక్కువ నుంచి తక్కువకి వరస పెట్టింది నేనే. ఉత్సాహంగా ఉంటుంది అనుకున్నాను. పది రోజుల్లో ఏం జరిగిందంటే, పైన ఉన్నవాళ్ల అంకెలు రోజురోజుకీ పెరుగుతున్నాయి, ఒకటో రెండో మాలలు చేసేవాళ్లు రాయడం మానేస్తున్నారు. ఒకరోజు ఆఫీసు నుంచి లేటుగా వచ్చి నాలుగు మాలలు చేసి, 11 అని రాశాను. చానల్ నడిపేవాడిని, నాలుగంటే ఏం బాగుంటుంది? అదీ నా ఆలోచన. దేవుడి పేరు లెక్కలో దొంగలెక్క! తెల్లారి లేచి ఆ 11 చూస్తే కడుపులో తిప్పినట్టయింది. అందరికీ విషయం చెప్పి షీటు తీసేశాను. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఇంకో ఇద్దరు విడిగా మెసేజ్ పెట్టారు, "నేనూ రాశాను అన్నా" అని.

అప్పుడు ఒక తమ్ముడు అడిగాడు, అసలు నామానికి లెక్కెందుకు అని. మంచి ప్రశ్న, చాలామందికి ఉండే ప్రశ్న కూడా.

కలిసంతరణోపనిషత్తు చాలా చిన్నది. ద్వాపరం చివర్లో నారదుడు బ్రహ్మ దగ్గరికి వెళ్లి కలిని ఎలా దాటాలి అని అడుగుతాడు. బ్రహ్మ పదహారు నామాల మంత్రం చెప్తాడు, మనందరికీ తెలిసిన హరే రామ మంత్రమే. దీనికి విధి ఏంటి అని నారదుడు మళ్లీ అడిగితే, విధి ఏమీ లేదు, శుచిగా ఉన్నా లేకున్నా ఎప్పుడైనా చేసుకోవచ్చు అంటాడు. ఆ వెంటనే మూడున్నర కోట్ల జపం అనే అంకె కూడా వస్తుంది! విధి లేదన్న చోటే అంత పెద్ద లెక్క. నాకు అర్థమైనంతలో ఆ అంకె ఎవరికో చూపించడానికి కాదు. మూడున్నర కోట్లు అంటే ఒక రోజు సరదా కాదు, బతుకంతా పట్టుకుని ఉండు అని.

మన చేతివేళ్ల మీద లెక్క కూడా అలాంటిదే. మాల లేనప్పుడు కరమాల అంటారు. ఉంగరపు వేలు నడిమి కణుపు దగ్గర ఒకటి, దాని కింది కణుపు రెండు, చిటికెన వేలు కింద నుంచి పైకి మూడు, నాలుగు, ఐదు, ఉంగరపు వేలు పై కణుపు ఆరు, మధ్యవేలు పై కణుపు ఏడు, చూపుడువేలు పై నుంచి కిందికి ఎనిమిది, తొమ్మిది, పది. మధ్యవేలు మిగతా రెండు కణుపులు మేరువు, వాటిని ముట్టుకోం. ఇప్పుడే ఒకసారి చేసి చూడండి. మెట్రోలో నిలబడి కూడా చేయొచ్చు, ఎవరికీ తెలియదు. బొటనవేలు ఏ కణుపు మీదుందో అదే మనం ఎక్కడున్నామో చెప్తుంది. దారి తప్పితే వేలికి వెంటనే తెలుస్తుంది.

సరే, ఆట సంగతి. షీటు పోయాక ఈ 108 ఆట మొదలుపెట్టాం. ఇందులో నీ స్కోరు నా స్కోరు లేదు, ఉన్నది ఒక్కటే అంకె, అది అందరిదీ. మొదట్లో అందరం ఆత్రం. 5 కనిపించగానే ముగ్గురు 6 కొట్టేస్తారు. డాలస్‌లో ఉన్న అక్కకి అది ఉదయం, ఒక చేత్తో పిల్లాడికి టిఫిన్ పెడుతూ ఇంకో చేత్తో టైప్ చేసేది. పైగా నెట్ ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, నా ఫోన్లో ముందు వచ్చింది మీ ఫోన్లో వెనక కనిపించొచ్చు. మూడో వారానికి 31 దాకా వెళ్లాం, తర్వాత 44.

గ్రూపులో కాకినాడ నుంచి ఒక మామ్మగారు ఉన్నారు. మనవరాలు చేర్పించింది. ఆవిడ పెట్టే అంకె ఎప్పుడూ ఆలస్యమే. మేం 20లో ఉంటే ఆవిడ "19 రామ" వచ్చేది. 19 రెండుసార్లు వచ్చినట్టే కదా, ఆట పోయేది. రెండు వారాలు అలా ఆవిడ వల్లే మూడు నాలుగుసార్లు 1కి వెళ్లాం. ఐదో శనివారం 62 దాకా వచ్చాం. 62! మామ్మగారి నుంచి "61 రామ" వచ్చింది.

నేను రాశాను: "మామ్మగారూ, మీరు ఈసారికి చూస్తూ ఉండండి, మేం ఆడతాం." చివర్లో దణ్ణం ఎమోజీ కూడా పెట్టాను, మర్యాదగా ఉంటుందని. ఆవిడ "అలాగే నాన్నా" అన్నారు. ఆ రాత్రి ఆవిడ లేకుండా 71 వరకు వెళ్లాం. ఆ తర్వాత వారం ఆవిడ అసలు రాలేదు.

మనవరాలు నాకు ఫోన్ చేసి గట్టిగానే అడిగింది. "మా మామ్మ ఆ రోజు ఫోన్ పక్కన పెట్టేసి పడుకుంది. నీ వీడియోలు చూసే కదా గ్రూపులో చేర్చాను" అంది. నేను మామ్మగారికి ఫోన్ చేశాను. ఏం చెప్పాలో తెలియక ముందు నెట్ గురించి మాట్లాడాను, ఫోన్ మార్చి చూడండి అన్నాను. ఆవిడ నవ్వి, "ఫోను బానే ఉంది నాన్నా, ఆలస్యం నాదే" అన్నారు. "ఎవరి అంకె వచ్చినా నేను ఒకసారి రామా అనుకుంటాను. అనుకున్నాకే చెయ్యి వేస్తాను. మీరు మీ అంకె ఒక్కటే అనుకుంటారా ఏంటి?"

నాకు నోట మాట రాలేదు.

ఎందుకంటే నిజంగా అదే చేస్తున్నాం. పన్నెండు మందిమి ఆడితే ఒక్కొక్కరికీ తొమ్మిది అంకెలు వస్తాయి. అంటే మిగతా 99 సార్లు నేను చేసింది జపం కాదు, బొటనవేలు స్క్రీన్ మీద పెట్టుకుని కాచుకుని కూర్చోవడం. ఎవరు తప్పు చేస్తారా అని చూడటం. ఆవిడ మాత్రం వచ్చిన ప్రతి అంకెకీ నామం అనుకున్నారు. మనుస్మృతి రెండో అధ్యాయంలో విధియజ్ఞం కంటే జపం పదిరెట్లనీ, పక్కవాళ్లకి వినపడనంత మెల్లగా చేసేది వంద రెట్లనీ, మనసులో చేసేది వెయ్యి రెట్లనీ ఉంది. ఈ మాట నేనే ఒక వీడియోలో చెప్పాను, బొమ్మ వేసి మరీ. మనసులో చేస్తున్న మనిషినేమో ఆటకి అడ్డమని పక్కన కూర్చోబెట్టాను.

మామ్మగారికి ఫోన్లోనే క్షమాపణ చెప్పాను. గ్రూపులో అన్న మాట కదా, గ్రూపులో కూడా చెప్పాను. ఆవిడ "దానికేముందిలే" అన్నారు గానీ, వెంటనే రాలేదు. ఇంకో శనివారం పోయాక వచ్చారు.

ఇప్పుడు నియమం ఒకటి మారింది. ఎవరి అంకె కనిపించినా అందరూ ఒకసారి నామం అనుకోవాలి, నోటితోనో మనసులోనో. అనుకున్నాకే టైప్ చేయాలి. ఎవరూ చెక్ చేయరు, చేయలేరు కూడా. వింత ఏంటంటే, ఒకే అంకె ఇద్దరు పెట్టడం బాగా తగ్గిపోయింది. ఆత్రం పోయి మధ్యలో కాస్త ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో ఎవరు పెట్టబోతున్నారో కొంచెం తెలిసినట్టు ఉంటుంది. మహిమ అనను, ఎదుటివాళ్ల వేగం అలవాటైంది అంతే. మామ్మగారు తిరిగొచ్చిన మూడో శనివారం 108 చేరాం. పదిహేను నిమిషాల పైనే పట్టింది. 108 పెట్టింది డాలస్ అక్క. తర్వాత ఒక నిమిషం ఎవరూ ఏమీ రాయలేదు, అది ఎవరూ పెట్టని నియమం.

మీరు మొదలుపెడితే రెండు మూడు సంగతులు చూసుకోండి. పది పదిహేను మంది చాలు, యాభై మంది అయితే గోల. రామ అనే పేరే ఉండాలని లేదు, మీ ఇంటి దేవుడి పేరు పెట్టుకోండి, కాకపోతే ఆ రాత్రికి అందరిదీ ఒకే పేరు. ముందే కాపీ చేసి పెట్టుకుని పేస్ట్ చేయొద్దు, ప్రతిసారీ అక్షరాలు కొట్టండి. "టైప్ చేస్తే జపం అవుతుందా?" అని అడుగుతున్నారు. కాగితం మీద రాస్తే లిఖిత జపం అంటున్నాం, అక్షరం అక్షరం కొడితే కాదనడానికి నాకు కారణం కనిపించలేదు. పేస్ట్ చేస్తే మాత్రం ఫోన్ చేసిన జపం అది, పుణ్యం కూడా ఫోన్‌కే. ఇంకోటి, మళ్లీ 1కి వెళ్లినప్పుడు ఎవరి వల్ల పోయిందో రాయొద్దు. పోగొట్టినవాళ్లకి తెలుసు.

పోయిన శనివారం 96 దగ్గర ఆట పోయింది. ఈసారి నా వల్లే. పక్కన ఇంకో మెసేజ్ వస్తే దాన్ని చూసి, 95 వచ్చిందన్న కంగారులో నామం అనుకోకుండానే కొట్టేశాను. నాతోపాటు బెంగళూరు తమ్ముడూ కొట్టాడు. రెండు 96లు. ఎవరూ ఏమీ రాయలేదు. కాసేపటికి మామ్మగారి నుంచి వచ్చింది: "1 రామ".