కొండలు రెండు పాళ్ళు, కట్ట ఒక పాలు

ప్రపంచ పటంలో అమెరికా, కెనడా దేశాల సరిహద్దు వెంట వేలు జరపండి. సుపీరియర్ అనే మంచినీటి సరస్సు తగులుతుంది. విస్తీర్ణం సుమారు 82,000 చదరపు కిలోమీటర్లు. అంటే మన ఆంధ్రప్రదేశ్‌లో సగం! ఆ గుంటను మనుషులెవరూ తవ్వలేదు. మంచుయుగంలో దట్టంగా పేరుకున్న మంచు మెల్లగా కదులుతూ నేలను దొలిచింది. సుమారు పదివేల ఏళ్ళ క్రితం ఆ మంచు కరిగి వెనక్కు తగ్గితే గుంటలో నీళ్ళు నిలిచాయి.

ఆ మంచు రాయలసీమ దాకా రాలేదు. కడప జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన 700 మిల్లీమీటర్లు. అదీ కొద్ది రోజుల్లో కురిసి వాగుల వెంట పోతుంది. మరి ఆ జిల్లాలోనే, పోరుమామిళ్ళలో, ఏడు మైళ్ళ పొడవు, రెండున్నర మైళ్ళ వెడల్పు గల చెరువు ఎలా వచ్చింది?

కట్టను జాగ్రత్తగా గమనిస్తే గుట్టు తెలుస్తుంది. అక్కడ వరుసగా నాలుగు కొండలున్నాయి. వాటి మధ్య సందులను మూడు మట్టికట్టలతో మూసి, కడప బండలు పరిచారు. మొత్తం 14,000 అడుగుల పొడవులో మనుషులు కట్టింది సుమారు 4,500 అడుగులే. తక్కినదంతా కొండల చలవ! 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండిన కంభం చెరువు కూడా ఇలాంటిదే. అక్కడ కొండల నడిమి సందులో గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేశారు.

పోరుమామిళ్ళ చెరువును 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని. ఈ లెక్క రాతి పలకల మీద చెక్కి ఉంది. అంతకంటే విలువైన సంగతి కూడా అందులోనే ఉంది: మంచి చెరువుకు కావలసినవి పన్నెండు, చెరువుకు దోషాలు ఆరు.

కావలసిన వాటిలో ఒకటి, మూడు యోజనాల దూరం నుంచి వచ్చే తియ్యని నీటి ఏరు. ఎందుకంత దూరం? ఏరు ఎంత నేల మీదుగా వస్తే అన్ని వాగులను కలుపుకుంటుంది. చెరువు మీద పడే వాన ఒక్కటే అయితే ఎండకే సరిపోదు.

దోషాలు చూడండి: కట్టలో ఊట, చౌడు నేల, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. ఇక ఆరోది, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం! కృష్ణా నీళ్ళ తగాదా తీర్చడానికి 1969లో ట్రిబ్యునల్ వేయవలసి వచ్చిన మనకు ఇది చెప్పనక్కరలేదు.

మెరక ఎందుకు దోషమో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రెండు గ్లాసుల నిండా నీళ్ళు తీసుకోండి. ఒక గ్లాసు నీళ్ళను వెడల్పాటి పళ్ళెంలో పోసి, రెంటినీ ఎండలో పెట్టండి. పళ్ళెం ముందు ఎండుతుంది. నడుమ మెరక ఉన్న చెరువు కొంత మేర పళ్ళెమే.

ఆరు దోషాల్లో పూడిక మాట లేకపోవడం నాకు వింతగా తోస్తుంది. వరదలో పరుగెత్తి వచ్చే ఏరు చెరువులో నెమ్మదించగానే మోసుకొచ్చిన మట్టిని అడుక్కు వదిలేస్తుంది. వేసవిలో రైతులు చేలకు తోలుకునే చెరువు మట్టి అదే.