ఏ బడి మంచి బడి?

పదవ తరగతి ఫలితాలు వెలువడిన రోజున ఊళ్ళో ఒకటే చర్చ: "మన బడికి ఎంత శాతం? పక్క ఊరి బడికి ఎంత?" శాతం తగ్గిందని పిల్లల్ని మాన్పించి వేరే బడిలో చేర్చే తల్లిదండ్రులూ ఉన్నారు. ఆ నిర్ణయం సరియైనదేనా? లెక్క వేసి చూద్దాం.

పెద్ద ఊరి ఉన్నత పాఠశాల నుండి 250 మంది, చిన్న ఊరి పాఠశాల నుండి 10 మంది పరీక్ష రాశారనుకోండి. మొదటి దానిలో 200 మంది, రెండవ దానిలో 8 మంది ఉత్తీర్ణులయ్యారు. రెండింటికీ 80 శాతమే. మరుసటి ఏడు కూడా అంతమందే రాశారు. కాని ఒక్కొక్క బడిలో ఇద్దరేసి పిల్లలు పరీక్షల ముందు జ్వరం వచ్చి అదనంగా తప్పారు. పెద్ద బడి 79.2 శాతానికి దిగింది, ఎవరూ గమనించలేదు. చిన్న బడి 60 శాతానికి పడిపోయింది! ఉపాధ్యాయులు వారే, పాఠాలూ అవే. అయినా "ఆ బడి పాడైపోయింది" అన్న మాట పుట్టింది. ఇంకొక ఏడు పదిమందీ గట్టెక్కితే అదే బడికి నూటికి నూరు శాతం, దండలు, అభినందనలు!

దీనిని మీరే ప్రయోగం చేసి చూడవచ్చు. పది నాణేలు ఎగరవేయండి. ఏడు గాని అంతకు మించి గాని బొమ్మలు పడడం సుమారు ఆరుసార్లకు ఒకసారి జరుగుతుంది. అదే నూరు నాణేలు ఎగరవేస్తే డెబ్బయి బొమ్మలు పడడం దాదాపు చూడలేము. నాణెంలో లోపమేమీ లేదు. తేడా అంతా సంఖ్యలోనే ఉంది.

పద్దెనిమిదవ శతాబ్దంలోనే అబ్రహాం ద మొవావ్ర్ అనే గణితవేత్త దీనికి సూత్రం కనుగొన్నాడు. శాతంలోని ఒడుదొడుకు, మనుషుల సంఖ్య వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. 250 అనేది 10కి 25 రెట్లు. 25 వర్గమూలం 5. కాబట్టి చిన్న బడి ఒడుదొడుకు పెద్ద బడి కంటే 5 రెట్లు ఎక్కువ.

పెద్ద దేశాలు సైతం ఇక్కడ పొరబడ్డాయి. అమెరికాలో మంచి ఫలితాల జాబితాల పైభాగాన చిన్న బడులు ఎక్కువగా కనబడడంతో, చిన్న బడులే మేలని చాలామంది నమ్మారు. గణాంకవేత్త హోవర్డ్ వైనర్ 2007లో ఒక వ్యాసంలో పెన్సిల్వేనియా రాష్ట్రపు బడుల లెక్కలు చూపాడు. జాబితా పైభాగంలోనే కాదు, అట్టడుగున కూడా చిన్న బడులే తమ వంతుకు మించి ఉన్నాయి!

మరి బడులను పోల్చనే కూడదా? పోల్చవచ్చు. అయిదేళ్ళ ఫలితాలు కలిపి చూడాలి. ఎనిమిదిలో చేరినవారిలో ఎందరు పది వరకు వచ్చారో చూడాలి. చేరిననాటికి వారికి ఏమి వచ్చో కూడా చూడాలి. అప్పటికీ ఒక బడి వెనుకబడి ఉంటే, గణితం మాస్టారి ఖాళీ ఎన్నాళ్ళుగా ఉందో విచారించాలి. కారణం తెలిస్తే బడిని బాగుచేసుకోవచ్చు. ఒక్క ఏడాది శాతం చూసి పిల్లల్ని మాన్పిస్తే ఉన్న బడి కాస్తా మూతపడుతుంది.

ఈసారి నోటీసు బోర్డు మీద శాతం కనబడగానే ఒక్క ప్రశ్న వేయండి: "ఎంతమందిలో?"