విమానం ఎక్కకముందే తీసుకోవలసిన కాగితం

న్యూజెర్సీలో పిల్లల దగ్గర ఉంటున్న మన తెలుగు తల్లిదండ్రులతో కూర్చుని, వాళ్ల ఇమిగ్రేషన్ కాగితాలు చదివి పెట్టడం చాలా ఏళ్లుగా నాకు అలవాటు. నేను లాయరును కాను, ఫారాలు నింపను. ఏ కాగితం దేనికో తెలుగులో విడమరిచి చెబుతాను. లాయరు కావలసిన చోట ఆలస్యం చేయవద్దంటాను. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఏ తప్పూ చేయకుండానే హోదా పోగొట్టుకున్నవాళ్లు. ఊళ్లో ఎవరో పోయారనో, మనవరాలి పెళ్లనో హడావిడిగా బయలుదేరతారు. వెళ్లేముందు తీసుకోవలసిన ప్రయాణ అనుమతి ఒకటుందని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. వాళ్ల దగ్గర నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

1. మీ చేతిలో ఉన్నది కార్డా, కార్డు కోసం పెట్టిన దరఖాస్తా?

ముందు ఇది తేల్చుకోవాలి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లు ఏడాదిలోపు తిరిగి వచ్చేట్టయితే కార్డు చూపిస్తే చాలు. ఏడాది దాటి ఉండవలసి వస్తే రీఎంట్రీ పర్మిట్ కావాలి. కార్డు ఇంకా రాక, ఐ-485 దరఖాస్తు నడుస్తున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు వారం రోజులకు వెళ్లినా అడ్వాన్స్ పెరోల్ చేతికి వచ్చాకే వెళ్లాలి. రెండు అనుమతులకూ ఫారం ఒక్కటే, ఐ-131. సగం గందరగోళం అక్కడే పుడుతోంది. పార్కులో కలిసిన పెద్దాయన "మేం పది నెలలుండి వచ్చాం, ఎవరూ ఏమీ అనలేదు" అంటారు. ఆయన చేతిలో కార్డుంది కాబట్టి ఆయన మాట ఆయనకు నిజం. దరఖాస్తు నడుస్తున్న మనిషి ఆ మాట నమ్మి వెళితే ఉన్నది పోతుంది.

2. దరఖాస్తు నడుస్తున్నప్పుడు కాలు బయటపెడితే దాన్ని వదిలేసినట్టే లెక్క

నాకు తెలిసిన ఒక అమ్మ విజిటర్ వీసా మీద వచ్చారు. కొడుకు అమెరికా పౌరుడు కాబట్టి ఇక్కడినుంచే ఆమె గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టాడు. నాలుగు నెలలకు ఆమెకు వర్క్ పర్మిట్ కార్డు వచ్చింది. ఫొటో ఉంది, వేలిముద్ర ఉంది, ప్రభుత్వం ముద్ర ఉంది. ఇంట్లో అందరూ ఇక ప్రయాణాలకు ఇబ్బంది లేదనుకున్నారు. ఇంతలో తెనాలిలో తమ్ముడు పోయాడని కబురొచ్చింది. ఆ రాత్రే టికెట్ తీశారు. ఆ కార్డు మీదే, తిరిగి అమెరికాలోకి రావడానికి ఇది చెల్లదని ఇంగ్లిషులో ఒక వరుస ఉంది. ఎవరూ చదవలేదు. పెద్దకర్మ అయ్యాక శంషాబాద్‌లో విమానం ఎక్కబోతే కౌంటర్ దగ్గరే ఆపేశారు. అప్పటికే ఇక్కడ ఆమె దరఖాస్తు వదిలేసినట్టు లెక్కలోకి వెళ్లిపోయింది.

ఆ వర్క్ పర్మిట్ కార్డులు రెండు రకాలు. కొన్నింటి మీద, ఇదే అడ్వాన్స్ పెరోల్‌గా కూడా పనిచేస్తుందని రాసి ఉంటుంది. కొన్నింటి మీద ఉండదు. మీ కార్డు తీసి ఆ వరుస ఉందో లేదో ఇవాళే చూసుకోండి. ఐ-131 పెట్టాం కదా, రసీదు వచ్చింది కదా అని బయలుదేరడమూ ప్రమాదమే. అనుమతి రాకముందే వెళితే ఆ ఐ-131 కూడా పోతుంది. హెచ్-1, ఎల్-1 వీసాల మీద ఉన్న పిల్లలకు, వాళ్ల భార్యాభర్తలకు ఇందులో మినహాయింపు ఉంది. ఆ హోదా చెల్లుబాటులో ఉండి, అదే వీసా మీద తిరిగి వస్తే దరఖాస్తు నిలుస్తుంది. పిల్లలు తమ అనుభవం గుర్తుపెట్టుకుని అమ్మానాన్నలకూ అంతేననుకోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. విజిటర్ వీసాకు ఆ మినహాయింపు లేదు.

చావుకబురు చెప్పి రాదు. అలాంటప్పుడు కూడా దారి ఉంది. ఇమిగ్రేషన్ శాఖ కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి, దగ్గరలోని ఆఫీసులో అత్యవసర అపాయింట్‌మెంట్ అడగాలి. ఆస్పత్రి కాగితమో, మరణానికి రుజువో వాట్సాప్‌లో తెప్పించుకుని తీసుకెళ్లాలి. వాళ్లు ఇచ్చి తీరతారన్న హామీ లేదు, కానీ ఇచ్చిన సందర్భాలు నాకు తెలుసు. ఆ ఒకటి రెండు రోజులు ఆగడం మనవాళ్లకు ప్రాణసంకటం. కడచూపు దక్కదేమోనని తల్లడిల్లే మనిషికి ఆగమని చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది. అయినా ఆగమనే చెబుతాను.

విజిటర్ గడువు దాటిపోయాక దరఖాస్తు పెట్టినవాళ్లకు ఇంకో ముప్పుంది. దరఖాస్తుకు ముందు అనుమతి లేకుండా ఉన్న కాలం 180 రోజులు దాటితే దేశం విడిచి వెళ్లగానే మూడేళ్ల నిషేధం, ఏడాదైతే పదేళ్ల నిషేధం పడుతుంది. 2012లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ఒక తీర్పు ఇచ్చింది. భారతదేశంలో ఉన్న ముసలి తల్లిదండ్రులను చూడటానికి వెళ్లొచ్చిన ఒక దంపతుల కేసు అది. ఇంటిపేర్లు చూస్తే మన తెలుగువాళ్లే అనిపిస్తుంది. అడ్వాన్స్ పెరోల్ తీసుకుని వెళితే పదేళ్ల నిషేధానికి దారితీసే నిష్క్రమణగా దాన్ని చూడకూడదని బోర్డు తేల్చింది. ఆ దంపతులను కాపాడింది వెళ్లేముందు తీసుకున్న ఆ అనుమతే.

3. రీఎంట్రీ పర్మిట్‌కు హైదరాబాద్‌ నుంచి దరఖాస్తు పెట్టలేరు

నెలకొకరైనా ఇండియా నుంచి ఫోన్ చేసి ఇదే అడుగుతారు. పది నెలలైంది, మోకాలి ఆపరేషన్ ఉంది, ఇక్కడినుంచి పర్మిట్ పెట్టొచ్చా అంటారు. కుదరదు. ఐ-131 పంపేనాటికి మనిషి అమెరికాలో ఉండాలి. వేలిముద్రలకు కూడా ఇక్కడే పిలుస్తారు. 80 ఏళ్లు నిండినవాళ్లకు ఆ అవసరం లేదు. వేలిముద్రలు అయ్యాక పర్మిట్ వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు, వెళ్లవచ్చు. తయారయ్యాక విదేశంలోని అమెరికా కాన్సులేట్‌కు పంపమని ఫారంలో కోరే వీలుంది. అంటే కాన్సులేట్ దాన్ని అందించగలదు కానీ దరఖాస్తు తీసుకోదు.

పర్మిట్ జారీ అయిన నాటినుంచి రెండేళ్లు చెల్లుతుంది. పొడిగింపు లేదు. మళ్లీ కావాలంటే తిరిగి వచ్చి కొత్తగా పెట్టుకోవాలి. గడిచిన ఐదేళ్లలో నాలుగేళ్లకు పైగా బయటే ఉన్నవాళ్లకు సాధారణంగా ఏడాదికే ఇస్తారు. ఏడాది దాటదని నమ్మకం ఉన్నా, ఊళ్లో పొలం తగాదా, ఫ్లాటు రిజిస్ట్రేషన్, కంటి ఆపరేషన్ లాంటి పనులున్నవాళ్లు పర్మిట్ పెట్టుకునే వెళ్లాలన్నది నా అభిప్రాయం. మన దగ్గర ఏ పనీ అనుకున్న గడువులో కాదు.

4. ఆరునెలలకోసారి వచ్చి వెళ్లినంత మాత్రాన సరిపోదు

కార్డు మీద పదేళ్ల గడువు ఉంటుంది. అది ప్లాస్టిక్ కార్డుకు పెట్టిన గడువు. మీ నివాస హక్కు నిలిచేది మీరు నిజంగా ఇక్కడ ఉంటున్నారా అన్న దాని మీద. 180 రోజులు దాటి వస్తే అధికారి మిమ్మల్ని కొత్తగా ప్రవేశం కోరే మనిషిగా చూడవచ్చు. అంతకన్నా తక్కువ రోజులే అయినా, ఆరునెలలు నిండకముందే వచ్చి కొద్ది రోజులుండి మిగతా కాలమంతా విజయవాడలో గడిపితే, మీ ఇల్లు ఏదని అడిగే హక్కు ఆయనకుంది. ఇక్కడి బ్యాంకు ఖాతా, చిరునామా, ఏటా వేసిన పన్ను రిటర్న్ అప్పుడు పనికొస్తాయి. పన్ను తగ్గుతుందని ఎవరో చెబితే నాన్‌రెసిడెంట్‌గా రిటర్న్ వేసినవాళ్లున్నారు. అది, నేను ఇక్కడివాణ్ణి కానని సొంత సంతకంతో చెప్పడమే.

పౌరసత్వం లెక్క కూడా వేరే. పర్మిట్ ఉన్నా ఏడాది బయట ఉంటే ఐదేళ్ల నిరంతర నివాసం తెగిపోతుంది. అందులో 30 నెలలు శరీరంతో ఇక్కడ ఉండాలన్న నిబంధనకూ పర్మిట్ సాయపడదు.

5. మీ తేదీలు మీకే తెలిసి ఉండాలి

పాస్‌పోర్టు కోడలి బీరువాలో, కార్డు కొడుకు ఫైల్లో ఉంటాయి. అడిగితే వాళ్లను నమ్మనట్టు అనుకుంటారేమోనని అమ్మలు అడగరు. అడగండి. ఒక చిన్న డైరీలో ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు వచ్చారు, ఏ కాగితం గడువు ఎప్పటికి అన్నవి తెలుగులోనే రాసుకోండి. పిల్లలకు ఉద్యోగాల వత్తిడి ఉంటుంది, మరచిపోతారు. హోదా పోయేది మాత్రం మీది.

6. గడువు దాటిపోతే, ఎందుకు దాటిందో చూపించే కాగితాలు దాచండి

2020 మార్చిలో భారతదేశం అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. రోజువారీ సర్వీసులు పూర్తిగా మొదలైంది 2022 మార్చి 27న. మధ్యలో ప్రత్యేక విమానాలు నడిచినా, జబ్బుతో, భయంతో చాలామంది పెద్దలు ఏడాది దాటి ఉండిపోయారు. అలాంటివాళ్లకు రిటర్నింగ్ రెసిడెంట్ వీసా అని ఒకటుంది. డీఎస్-117 ఫారంతో కాన్సులేట్‌లో అడగాలి. వెళ్లేనాటికి శాశ్వత నివాసం ఉందని, తిరిగి రావాలన్న ఉద్దేశం మొదటినుంచీ ఉందని, ఆలస్యం తమ చేతిలో లేని కారణంతో జరిగిందని చూపించాలి. మూడోది చాలా కష్టం. రద్దయిన టికెట్లు, ఆస్పత్రి డిశ్చార్జి కాగితాలు, డాక్టరు ప్రయాణం వద్దని రాసిచ్చిన చీటీ దాచుకున్నవాళ్లకు చూపించడానికి ఏదో ఒకటి ఉంది. పెళ్లి సంబంధాలు చూస్తూ ఆగామంటే అది మన చేతిలో లేని కారణం అనిపించుకోదు.

కార్డు పోవడం వేరే విషయం. ఏడాది దాటకముందే కార్డు పోతే, విమానం ఎక్కడానికి ఐ-131ఏ ఫారంతో కాన్సులేట్‌లో అనుమతి అడగవచ్చు.

7. ఐ-407 మీద సంతకం మీ ఇష్టంతో పెట్టాలి

విమానాశ్రయంలో అధికారికి అనుమానం వస్తే, శాశ్వత నివాసం వదులుకుంటున్నానని చెప్పే ఐ-407 ఫారం ముందు పెట్టవచ్చు. ఇరవై గంటల ప్రయాణం చేసి, కళ్లద్దాలు బ్యాగులో ఉండిపోయి, ఇంగ్లిషు సగం అర్థమై, ఎక్కడ చెబితే అక్కడ సంతకం పెట్టిన పెద్దవాళ్లను నేనెరుగుదును. ఆ సంతకం తప్పనిసరి కాదు. ఇమిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటామని అనే హక్కు మీకుంది. తెలుగు దుబాసీని అడగండి, చదివి వినిపించమనండి, అర్థం కానిదాని మీద చేయి పెట్టకండి.

అదే ఫారం కొందరు సంతోషంగా పెట్టుకోవడం మంచిదని కూడా నేను చెబుతాను. మనసంతా ఊళ్లోనే ఉండి, పిల్లల మాట కాదనలేక కార్డు తీసుకుని, దాన్ని నిలబెట్టడానికి ఏటా నడుము నొప్పితో విమానాలెక్కే దంపతులు ఎందరో. వాళ్లకు విజిటర్ వీసా చాలు. కార్డు సక్రమంగా వదులుకుని ఆ వీసా అడగవచ్చు. తర్వాత అవసరమైతే, పౌరుడైన కొడుకో కూతురో గ్రీన్ కార్డు కోసం ఐ-130 పిటిషన్ మళ్లీ పెట్టవచ్చు. తల్లిదండ్రులకు కోటా వరస లేదు. ఐ-407 పంపినప్పుడు కాపీ ఒకటి ఇంట్లో, ఇంకొకటి పాస్‌పోర్టుతో ఉంచుకోండి. విజిటర్ వీసా ఇంటర్వ్యూలో పాత గ్రీన్ కార్డు ఏమైందని అడిగితే చూపించవలసింది దాన్నే.